పార్కిన్సన్స్ మాత్రలు: వేళ, తిండి, పక్కన చేరే వేరే మందులు

తాడిపత్రి నుంచి ఒకమ్మాయి ఇలా రాసింది: "మా నాయనకు 68 ఏళ్లు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్, బెంగళూరులో చూపిస్తున్నాం. సిండోపా ప్లస్ మూడు పూటలా, ప్రమిపెక్సోల్ రెండు పూటలా, రసాజిలిన్ పొద్దున ఒకటి రాశారు. పొద్దున మాత్ర బాగానే పనిచేస్తుంది. మధ్యాహ్నం మాత్ర వేసినా వేయనట్టే ఉంటుంది, సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేడు. ఈ నెలలో మరీ ఎక్కువైంది. కడుపు ఉబ్బరం అంటే మెడికల్ షాపులో అడిగి గ్యాస్ క్యాప్సుల్ రోజూ వేస్తున్నాం. మధ్యాహ్నం రెండు మాత్రలు వేయొచ్చా? దూలగొండి పొడి మంచిదని ఎవరో చెప్పారు, ఇవ్వొచ్చా? వచ్చే నెల హెర్నియా ఆపరేషన్ ఉంది, ముందురోజు నుంచి మాత్రలన్నీ ఆపాలంటున్నారు. ఆపితే ఏమన్నా అవుతుందా?"

అమ్మా, నేను అనంతపురంలో ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరైనవాణ్ని. డాక్టర్ని కాదు, మోతాదు మార్చే అధికారం నాకు లేదు. అయితే మీరు అడిగినవాటిలో సగం మోతాదుతో సంబంధం లేనివే.

రెండు మాత్రలు ఒకేసారి వేయకండి. ముందు ఆ గ్యాస్ క్యాప్సుల్ స్ట్రిప్ తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. రాబిప్రజోల్ అనో పాంటోప్రజోల్ అనో ఉంటుంది, అది సరే. దాని పక్కన 'లెవోసల్పిరైడ్' అని ఉంటే, ఈ నెలలో ఎందుకు ఎక్కువైందో చాలావరకు తెలిసినట్టే. మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం తగ్గడం వల్ల వచ్చే జబ్బు ఇది. సిండోపాలో ఉండే లెవోడోపా మెదడుకు చేరి డోపమైన్‌గా మారుతుంది. లెవోసల్పిరైడ్ అదే డోపమైన్‌కు అడ్డం పడుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు. పార్కిన్సన్స్ లేనివాళ్లకు కూడా ఈ మందు కొన్నాళ్లు వాడితే వణుకు, బిగుసుకుపోవడం వచ్చిన సందర్భాలున్నాయి. మన దగ్గర గ్యాస్ అనగానే చేతికొచ్చే క్యాప్సుల్స్‌లో ఇది ఎంత మామూలుగా ఉంటుందంటే, ఇచ్చేవాళ్లకూ తినేవాళ్లకూ దాన్ని ఒక మందుగా లెక్కేయాలనే తోచదు. పేరు చివర 'ఎల్' ఉంటే అనుమానించండి, కానీ ఆ అక్షరాన్నే నమ్ముకోకండి, లోపలి పేరు చదవాల్సిందే. స్ట్రిప్ ఫోటో తీసి బెంగళూరు డాక్టరుకు ఇవాళే పంపండి. ఆపమంటే, ఆపిన మర్నాడే తేడా కనపడలేదని దిగులు పడకండి. దాని ప్రభావం పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది.

ఇదే కోవలో ఇంకొన్ని ఉన్నాయి. వాంతులకు వేసే మెటోక్లోప్రమైడ్, అంటే పెరినార్మ్ ఇంజెక్షన్. తల తిరిగితే ఇచ్చే స్టెమెటిల్. తల తిరగడానికే రాసే సిన్నరిజిన్, తలనొప్పికి వాడే ఫ్లునరిజిన్. రాత్రిళ్లు కలవరిస్తున్నాడని ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఓలంజపైన్. ఇవి మంచి మందులే, కానీ పార్కిన్సన్స్ ఉన్న మనిషికి పనికిరావు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, రాత్రిపూట క్యాజువాల్టీకో పోయి "వాంతులవుతున్నాయి సార్" అంటే మొదట చేతికొచ్చేది పెరినార్మే. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. పార్కిన్సన్స్ ఉందని మనం నోరు తెరిచి చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. వాంతులకు ఒండాన్‌సెట్రాన్ చాలామందికి ఇవ్వొచ్చు, మలబద్ధకం చేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా పోదు కాబట్టి పార్కిన్సన్స్ డాక్టర్లే రాస్తుంటారు. అయితే గుండె లయ మీద దానికి ప్రభావం ఉంది, పెద్దవయసువాళ్లకు ఈసీజీ చూసి ఇవ్వాల్సిన మందు. షాపులో అడిగి కొనేది కాదు.

ఇక మధ్యాహ్నం సంగతి. మీరు రాయకపోయినా ఒకటి ఊహించగలను. షాపువాళ్లు ఇచ్చిన కాగితం కవరు మీద పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అని గీతలు గీసి, కింద 'తిన్నాక' అని రాసి ఉంటారు. మనకు మాత్ర అంటే అన్నం తిన్నాకే. ఖాళీ కడుపుతో మాత్ర మింగితే కడుపులో మంట అని చిన్నప్పటి నుంచి విన్నాం. సిండోపా విషయంలో ఈ అలవాటే కొంప ముంచుతుంది. లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పప్పులో, పాలలో, మాంసంలో ఉండే ప్రొటీన్ కూడా అరిగి అమైనో ఆమ్లాలే అవుతుంది. పేగులో లోపలికి పోవడానికి రెండింటికీ ఒకటే దారి, మెదడులోకి పోయేటప్పుడూ అంతే. మీ నాయన పొద్దున లేచిన వెంటనే మాత్ర వేసుకుంటాడేమో, కడుపు ఖాళీ, మాత్ర పనిచేస్తుంది. మధ్యాహ్నం ముద్ద, చింతాకు పప్పు, చెనిక్కాయల ఊరిబిండి, చివర పెరుగన్నం, ఆ పైన మాత్ర. ఆ మాత్ర కడుపులోంచి పేగులోకి దిగడమే ఆలస్యం, దిగాక పప్పుతో పోటీ పడాలి. నిండు కడుపు ఖాళీ కావడానికి పట్టే సమయం కూడా ఈ జబ్బులో ఎక్కువ.

అందుకే సిండోపాను తిండికి అరగంట, ముప్పావుగంట ముందు వేయమంటారు. అది కుదరకపోతే తిన్నాక గంట, గంటన్నర ఆగి వేయాలి. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, పాలతో వద్దు. మీరు రెండుకు భోజనం చేస్తే ఒంటిగంటంబావుకు మాత్ర అన్నమాట. మోతాదు మారదు, వేళ ఒక్కటే మారుతుంది. అయినా బెంగళూరుకు ఒక ఫోన్ చేసి అడిగి మార్చండి. ఎందుకంటే కొందరికి ఖాళీ కడుపున వేస్తే వికారం వస్తుంది, కొందరికి మాత్ర ఒక్కసారిగా ఎక్కువ అంది ఒళ్లు అదుపు తప్పినట్టు కదులుతుంది. వికారం వస్తే మాత్రతో పాటు ఒక గుప్పెడు ఉత్త బొరుగులో, రెండు బిస్కెట్లో తినొచ్చు. పుట్నాలపొడి వేసిన ఉగ్గాణి మాత్రం అరగంట ఆగాల్సిందే.

పప్పు, గుడ్డు పూర్తిగా మానిపించకండి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ప్రొటీన్ అడ్డమని ఎక్కడో చదివి, పెద్దాయనకు రసమన్నం మాత్రమే పెట్టి చిక్కి శల్యమయ్యేలా చేసినవాళ్లున్నారు. పార్కిన్సన్స్‌లో బరువు తగ్గడం మామూలే, దాని మీద ఇది తోడైతే కండ పోతుంది, కండ పోతే పడిపోతారు. మధ్యాహ్నం కొంచెం తగ్గించి, పప్పు, గుడ్డు, మాంసం రాత్రి భోజనానికి జరపండి. రాత్రి కదలిక ఎటూ తక్కువే. రక్తం తక్కువని ఐరన్ మాత్ర వాడుతుంటే సిండోపాకు కనీసం రెండు గంటల ఎడం పెట్టండి, ఐరన్ లెవోడోపాను పట్టేసుకుంటుంది. బి కాంప్లెక్స్ వద్దని కొందరు భయపెడతారు. లెవోడోపా దారిలో ఖర్చవకుండా కాపాడే తోడు మందు కార్బిడోపా. అది కలపని ఒట్టి లెవోడోపా వాడిన కాలం నాటి మాట ఇది. మామూలు మోతాదులో ఉన్న బి కాంప్లెక్స్‌తో ఇప్పటి మాత్రలకు ఇబ్బంది లేదు.

వేళ అంటే గడియారం వేళే. మూడు పూటలు అని రాస్తే చాలామంది ఎనిమిదికి, రెండుకు, మళ్లీ రాత్రి పదికి వేస్తారు, ఒకరోజు గంట అటు, ఒకరోజు గంట ఇటు. లెవోడోపా రక్తంలో సగానికి సగం తగ్గిపోవడానికి గంటన్నర చాలు. జబ్బు మొదట్లో మెదడే కొంత దాచుకుని సర్దుకుంటుంది కాబట్టి గంట తేడా తెలియదు. ఆరేళ్లయ్యాక ఆ దాచుకునే శక్తి తగ్గుతుంది, మాత్ర అయిపోవడం ఒంట్లో తెలుస్తుంది. మీ నాయన సెల్‌ఫోన్‌లో అలారాలు పెట్టండి. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి, తర్వాతి మాత్రకు దగ్గరపడి ఉంటే దాన్ని వదిలేయండి. రెండూ కలిపి మాత్రం వద్దు. "మాత్రలు ఎక్కువ రోజులు వాడితే పనిచేయవంట" అని ఆదా చేసి మధ్యలో ఒకటి ఎగ్గొట్టేవాళ్లను కూడా చూశాను. మాత్ర అరిగిపోదు, జబ్బు పెరుగుతుంది, అప్పుడు డాక్టరు పూటల సంఖ్య మారుస్తాడు.

రెండు మాత్రలు ఎందుకు వద్దన్నానో చెప్తాను. మోతాదు ఒక్కసారిగా పెరిగితే వాంతి, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, లేనివి కనిపించడం, ఒళ్లు మెలికలు తిరగడం వస్తాయి. లెవోడోపా వైద్యంలో నిలబడిందే చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచిన పద్ధతి వల్ల. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ అలా ఇచ్చి చూపించాకే ప్రపంచం ఈ మందును నమ్మింది.

ఇందులోనే ఇంకో తికమక ఉంది. వణుకు వేరు, మెలికలు వేరు. మాత్ర తగ్గినప్పుడు వచ్చే వణుకు ఒకే తాళంలో ఉంటుంది, చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు ఎక్కువ కనిపిస్తుంది. మాత్ర ఎక్కువైనప్పుడు వచ్చే కదలికకు తాళం ఉండదు. మెడ, భుజం, నడుము ఊగుతూ వంకర్లు పోతాయి, కూర్చున్నచోటే ఆడుతున్నట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్లు దీన్ని చూసి వణుకు పెరిగిందని ఇంకో మాత్ర వేస్తారు, ఇంకా పెరుగుతుంది. తేడా తెలియకపోతే ఫోన్‌తో వీడియో తీయండి, మాత్ర వేసిన టైము, వీడియో తీసిన టైము రాసిపెట్టండి. బెంగళూరులో డాక్టరు ముందు కూర్చునే పది నిమిషాల్లో మీ నాయన బాగానే నడవొచ్చు. ఆ వీడియో చెప్పినంత మీరు మాటల్లో చెప్పలేరు. ఒక మూడు రోజులు మాత్ర ఎప్పుడు, తిండి ఎప్పుడు, ఎప్పుడు బాగున్నాడు, ఎప్పుడు బిగుసుకున్నాడు అని నోటుబుక్కులో గీసుకుపోతే మధ్యాహ్నం మాత్ర పెంచాలో, పూటలు నాలుగు చేయాలో ఆయన చెప్పగలడు.

షాపులో మాత్ర తీసుకునేటప్పుడు అంకెలు చూడండి. సిండోపా 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10. సిండోపా ప్లస్ అంటే 100, 25. సిండోపా 275 అంటే 250, 25. మొదటి రెండింటిలో లెవోడోపా ఒకటే కదా అని ప్లస్ లేనప్పుడు 110 ఇచ్చేస్తుంటారు. కార్బిడోపా తగ్గితే లెవోడోపా మెదడుకు చేరకముందే దారిలో ఖర్చయిపోతుంది, వికారం పెరుగుతుంది. ఇక సీఆర్ అని ఉన్నది నెమ్మదిగా కరిగే మాత్ర. దాన్ని నలపకూడదు, నమలకూడదు. మామూలు మాత్రకు బదులు సీఆర్ ఇచ్చినా, దానికి బదులు ఇది ఇచ్చినా లెక్క తప్పుతుంది. వేరే కంపెనీది ఇస్తే ఇబ్బంది లేదు, లోపలి అంకెలు, రకం అవే ఉండాలి. తాడిపత్రిలో స్టాకు ఉండకపోవచ్చు, స్ట్రిప్‌లో వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొనిపెట్టుకోండి. వంటింట్లో పొయ్యి పక్క అల్మారాలో పెట్టకండి, మన ఎండలకు ఇల్లే వేడి.

దూలగొండి గురించి. ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది, అందుకే ఆయుర్వేదంలో కంపవాతానికి వాడారు, పనిచేయదని నేను అనను. పని చేస్తుంది కాబట్టే భయం. ఒక చెంచా పొడిలో ఎంత లెవోడోపా ఉందో పొట్లం మీద ఉండదు, ఒక పొట్లానికీ ఇంకో పొట్లానికీ పొంతన ఉండదు. సిండోపా మీద అది పోస్తే ఎన్ని మాత్రలు వేసినట్టో ఎవరికీ తెలియదు. ఇవ్వాలనుకుంటే డాక్టరుకు చెప్పి ఇవ్వండి, చాటుగా వద్దు.

ప్రమిపెక్సోల్‌కు ఒక గుణం ఉంది, ఇళ్లలో సిగ్గుతో బయటికి చెప్పరు. కొందరిలో అది కోరికలకు కళ్లెం తీసేస్తుంది. జీవితంలో పేక ముక్క పట్టని పెద్దమనిషి రాత్రంతా ఫోన్‌లో రమ్మీ ఆడతాడు, అవసరం లేనివి కొంటాడు, తిండి మీద, ఆడవాళ్ల మీద యావ పెరుగుతుంది. అది ఆయన గుణం కాదు, మందు చేసే పని, డాక్టరు తగ్గిస్తే చాలామందిలో పోతుంది. ఆయన బ్యాంకు మెసేజ్‌లు ఎవరో ఒకరు చూస్తుండండి. కూర్చున్నచోటే ఉన్నట్టుండి నిద్రలోకి జారుకోవడం కూడా దీనివల్ల వస్తుంది, కాబట్టి బండి తోలనివ్వకండి. ఈ మాత్రను కూడా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు.

గదిలో చిన్నపిల్లలు ఆడుతున్నారనో, చనిపోయిన అక్క వచ్చి కూర్చుందనో చెప్తే, గాలి సోకిందని తాయెత్తు కట్టించినా కట్టించండి, కానీ అదే రోజు డాక్టరుకూ చెప్పండి. మందుల వల్ల కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల కావచ్చు, ఒంట్లో నీరు తగ్గినా కావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాలో 40 డిగ్రీలు దాటుతుంది. ఈ మాత్రలకు తోడు బీపీ మాత్ర ఉంటే, నీళ్లు తాగకపోతే, మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడతారు. లేచి ఒక నిమిషం మంచం అంచున కూర్చుని, తర్వాత నిలబడమనండి. నీళ్లు సరిగ్గా తాగితే మలబద్ధకం కూడా తగ్గుతుంది. కడుపు ఉబ్బరానికి అసలు కారణం చాలాసార్లు అదే. ఇసబ్గోల్ లాంటిది డాక్టరును అడిగి మొదలుపెడితే గ్యాస్ క్యాప్సుల్ అవసరమే రాకపోవచ్చు.

ఇక ఆపరేషన్. ముందురోజు నుంచి 'అన్ని మాత్రలూ' ఆపమన్నది మామూలుగా అందరికీ చెప్పే మాట అయి ఉంటుంది. సిండోపాకు అది వర్తించకూడదు. లెవోడోపా అకస్మాత్తుగా ఆగితే ఒళ్లు కట్టెలా బిగుసుకుంటుంది, మింగడం, దగ్గడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి కఫం చేరుతుంది. అరుదుగానైనా తీవ్రమైన జ్వరం, స్పృహ తప్పడం వచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. సాధారణంగా ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఒక గుక్క నీళ్లతో సిండోపా వేయనిస్తారు, లేచి మింగగలిగిన వెంటనే మళ్లీ మొదలుపెడతారు. అది నిర్ణయించాల్సింది మత్తు డాక్టరు, మీ బెంగళూరు డాక్టరు. ఇద్దరికీ ముందే మాట కలపాలి. ఆపరేషన్ రేపనగా కలిపితే లాభం లేదు, ఈ వారమే బెంగళూరు నుంచి ఒక కాగితం రాయించుకోండి. పొద్దున మొదటి కేసుగా తీసుకోమని అడగండి, మాత్రల మధ్య ఎడం తగ్గుతుంది.

రసాజిలిన్ గురించి మత్తు డాక్టరుకు విడిగా చెప్పండి. అది ఉన్నప్పుడు ట్రమడాల్, పెథిడిన్ ఇస్తే ప్రమాదం. ఆపరేషన్ తర్వాత నొప్పికి ట్రమడాల్, వాంతికి పెరినార్మ్, ఈ రెండూ వార్డుల్లో అలవాటుగా పడే ఇంజెక్షన్లు. మీ నాయనకు రెండూ పనికిరావు. దగ్గు సిరప్‌లో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్నా వద్దు, దిగులుకు వాడే మాత్రలు కొన్ని కూడా దీనికి పడవు. రసాజిలిన్ ముందుగా ఆపాలా, ఎన్ని రోజుల ముందు ఆపాలా అన్నది వాళ్లే చెప్తారు.

ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి: పార్కిన్సన్స్ ఉంది, ఈ మాత్రలు ఈ వేళలకు, పెరినార్మ్, స్టెమెటిల్, హాలోపెరిడాల్, ట్రమడాల్, పెథిడిన్ ఇవ్వకూడదు. దాన్ని కేస్‌షీట్ మీద పిన్ చేయించండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. రాత్రి డ్యూటీ సిస్టర్ మారినప్పుడు ఆమెకూ చూపించండి. మాత్రలు వార్డు రౌండుకు వచ్చినప్పుడు ఇస్తామంటే, మా వేళకు మేమే వేస్తామని డాక్టరుతో రాయించుకోండి. మందుల డబ్బా ఇంటి నుంచే తీసుకుపొండి, ఆసుపత్రిలో అదే బలం మాత్ర ఉంటుందని నమ్మకండి. ఒకవేళ నోటితో ఏమీ ఇవ్వకూడని పరిస్థితి ఒకరోజు మించి సాగితే, ముక్కు గొట్టం ద్వారా ఎలా ఇవ్వాలో న్యూరాలజిస్టును అడగమనండి. మామూలు మాత్రను పొడి చేసి గొట్టంలో పంపొచ్చు, సీఆర్‌ను పంపకూడదు.

ఇంటికి వచ్చాక గానీ, అంతకుముందు ఎప్పుడైనా గానీ మాత్రలు తప్పి, జ్వరం ఎక్కువై, ఒళ్లు బిగుసుకుని, మాట తడబడితే మర్నాటి దాకా చూడొద్దు. 108కు ఫోన్ చేసి, ఆ కాగితం, మాత్రల డబ్బా చేత్తో పట్టుకుని బయల్దేరండి.